బోలు అక్షరాల దొంగ

తన అక్షరాలను ఎవడో దొంగిలించాడని తెలిసిన రోజు పెయింటరు అన్నం ముట్టలేదు.

బజారులో కొత్తగా తెరిచిన సెంటు దుకాణం బోర్డు మీద అవే అక్షరాలు. నడుం వాల్చినట్టు కుడిపక్కకు ఒరిగి, చివర్లలో పిట్ట గోళ్లంత కొనలు తేలి, లోపల రంగన్నది లేకుండా చుట్టూ సన్నటి గీతతో. పెద్దమనుషుల్లాగే పైకి నాజూకు, లోపల బోలు. ఏళ్ల తరబడి చెయ్యి పడిపోయేలా దిద్ది తెచ్చుకున్న వంపులవి.

ఆ అక్షరాలు బోర్డుల మీద కంటే నకిలీ డిగ్రీ పట్టాల మీదే ఆయనకు ఎక్కువ కూడు పెట్టాయనుకోండి. ఎనిమిదిలోనే బడి మానేసిన పెయింటరు ఊరికి ఎందరో పట్టభద్రుల్ని ప్రసాదించాడు. కాలేజీల కంటే త్వరగా, పరీక్షల బాధ లేకుండా. ఆయన రాసిన పట్టా గోడకు తగిలించుకున్న ఒక డాక్టరు వేసిన చుక్కల మందుతోనే అత్తగారి కన్ను పోయింది. "తప్పు మందుది. నా రాతలో వంకెక్కడుందో చూపించు," అన్నాడప్పుడు భార్యతో. ఆమె తన తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది.

"వాణ్ణి వదిలేది లేదు. నడిబజార్లో కడిగేస్తా," అన్నాడు చొక్కా తగిలించుకుంటూ.

భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "మీకేమైనా మతిపోయిందా? పోలీసులు ఆ పట్టాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఆ బోర్డు చూసి వాణ్ణే పట్టుకుంటారు, మనకు పీడా పోతుంది. మీ కాళ్లు పట్టుకుంటా, వెళ్లకండి."

"అంటే నా పనితనం వాడిదని లోకం అనుకోవాలా?"

"అనుకోనివ్వండి. మీకంటే వాడి చెయ్యే కాస్త నాజూకని కూడా అంటున్నార్లెండి."

ఇంకేముంది! చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు.

దుకాణంలో అద్దాల బీరువాలు ఖాళీగా ఉన్నాయి. యజమాని, మెత్తటి మనిషి, లేచి కుర్చీ చూపించాడు. "సరుకింకా రాలేదండీ. ఏం కావాలి?"

"నీ బోర్డు రాసినవాడి చెయ్యి కావాలి! అవి నా అక్షరాలు."

"అయ్యో, ఇలాంటివి ఎవరైనా రాస్తారు కదండీ."

పెయింటరుకు ఒళ్లు మండిపోయింది. "ఎవరైనానా? కాగితం తే!"

ఒక్క ఊపులో అక్షరాల వరసంతా రాసిపడేశాడు. గీత ఎక్కడా తొణకలేదు. "ఇదిగో, ఈ వంపు దగ్గర గీత కలవకుండా వెంట్రుకంత సందు వదులుతా. భూమ్మీద ఇంకొకడికి రాదిది. నీ బోర్డువాడు కలిపేశాడు, దద్దమ్మ!"

"అలాగైతే కింద సంతకం కూడా పెట్టండి. వాడి మొహాన కొడతాను."

పెట్టాడు. పెద్దగా, వాలుగా, ముచ్చటగా.

యజమాని సొరుగులోంచి ఒక డాక్టరు పట్టా తీసి దాని పక్కన పరిచాడు. వెంట్రుకంత సందు అక్కడే ఉంది. లోపలి గదిలోంచి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, యజమానికి సెల్యూట్ కొట్టి, ఎంతో మర్యాదగా పెయింటరుకు చెరోపక్కన నిలబడ్డారు.

పెయింటరు నోరు పెద్ద సున్నాలా తెరుచుకుంది.

"నేనొస్తానని మీకెలా తెలుసు సార్?"

"మాకేం తెలుసయ్యా? మీ ఆవిడే వచ్చి చెప్పింది: 'మీరు బోర్డు కట్టించండి చాలు, వెళ్లొద్దని అడ్డం పడే పని నాది.'"