సవానాకు మరీ దగ్గరొద్దు

"సవానా ఊళ్ళోకి పన్నెండు నిమిషాలే మేడమ్!" అంది ఇంటిబండ్లు నిలుపుకునే మొదటి ఆర్వీ పార్కు ఆఫీసులో పిల్ల, లాటరీ తగిలిందని చెప్తున్నట్టు.

"మరీ దగ్గర," అంది మావిస్.

పిల్ల మొహం వాడిపోయింది. పాత ఊరు చూడ్డానికొచ్చే వాళ్ళు దూరమని సణగడమే గానీ, దగ్గరని వంక పెట్టిన మనిషిని ఆ పిల్ల ఇంతవరకూ చూడలేదు.

"టూరు బస్సు కూడా మా గేటు దగ్గరికే వస్తుందండీ. రోజుకు నాలుగుసార్లు. గైడు మైకులో..."

"హోలిస్, బండి తియ్యి."

తియ్యడమంటే మాటలు కాదు. అది ముప్ఫై అడుగుల ఇంటిబండి. కొని తొమ్మిది రోజులే అయింది. వెనక్కి తిప్పాలంటే మావిస్ కిందికి దిగి చేతులూపాలి. ఆమె కుడికి ఊపితే మొగుడు ఎడమకు తిప్పుతాడు.

"కుడి అంటే నీ కుడా, నా కుడా?" అని అరిచాడు హోలిస్ కిటికీలోంచి.

"యాభై ఏళ్ళుగా అన్నం తింటున్న చెయ్యి ఏదో అదే నీ కుడి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతున్నా మావిస్ కళ్ళు మాత్రం ఆయన మొహాన్నే వెతికాయి. ఆయన కళ్ళ కింద నలుపు, వేలాడిన బుగ్గలు.

ఆగస్టులో హోలిస్ గుండెకు స్టెంటు వేశారు. "మందులు నేనిస్తాను, నిద్ర మీరిప్పించండి," అన్నాడు డాక్టరు, మావిస్‌ను పక్కకు పిలిచి. "రాత్రికి ఎనిమిది గంటలు, కలత లేకుండా. ఇలా రెండు గంటలు, మూడు గంటలు పడుకుంటూ పోతే నేను పూచీ పడలేను." ఆ ఆఖరి ముక్క మావిస్ మొగుడికి చెప్పలేదు. మర్నాడే వెళ్ళి ఇంటిబండికి బయానా ఇచ్చొచ్చింది.

డాక్టరు ఉండేది సవానాలోనే. వారం వారం చూపించుకోవాలి. అందుకని అరగంటకు మించిన దూరం పనికిరాదు. ఆ అరగంట లోపల, మనిషి హాయిగా కళ్ళు మూసుకునే జాగా ఒకటి దొరకాలి.

రెండో పార్కు ఉప్పునీటి బాడవల ఒడ్డున ఉంది. ఓక్ చెట్ల నించి బూడిదరంగు నాచు ముసలివాళ్ళ గడ్డాల్లా వేలాడుతోంది. ఈతకొలను చూడగానే హోలిస్ చెప్పులు విడిచేశాడు.

"ఇక్కడే మావిస్. ఇంకెక్కడికీ వద్దు."

మేనేజరు రొయ్యలు వేయిస్తూ పలకరించాడు. "మంచి పని చేశారు సార్! మా దగ్గరంతా సరదా మనుషులు. రాత్రి టూర్లకెళ్ళి ఒంటిగంటకొస్తారు. వచ్చాక అప్పుడు మొదలవుతాయి అసలు పాటలు."

"చెప్పులు తొడుక్కో," అంది మావిస్.

"కొలను బాగుందే!"

"అందులో పడుకుంటావా రాత్రికి?"

మూడోదానికి బోర్డు కూడా సరిగ్గా లేదు. కంకర రోడ్డు, చుట్టూ పైన్ చెట్లు. ఆఫీసు వరండాలో ఓడెట్ అనే యాభై ఏళ్ళావిడ ఉప్పేసి ఉడికించిన వేరుశనక్కాయలు వలుచుకు తింటోంది. ఇంటిబండిని చూసి లేచి, ముందే క్షమాపణలు మొదలుపెట్టింది.

"ఊరు కాస్త దూరమండీ. ఇరవై ఎనిమిది నిమిషాలు. ఈతకొలను లేదు. టూరు బస్సు ఇటు రాదు. అందరూ పెద్దవాళ్ళే, ఎనిమిదిన్నరకల్లా దీపాలార్పేస్తారు. తొమ్మిదయితే కప్పలు తప్ప ఇంకేం వినబడదు. ఏం చేస్తాం, మా పార్కు ఇంతే."

మావిస్‌కు ఆమెను కావలించుకోవాలనిపించింది.

"మూడు నెలలకు రాయమ్మా."

"మూడు నెలలా!" ఓడెట్ చేతిలోని కాయ జారింది. ఇంత మంచివాళ్ళు ఇక్కడ పడి ఏమీ చూడకుండా పోతారేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. "పోనీ ఒక పని చెయ్యండి. మా తమ్ముడు ఊళ్ళో రాత్రిపూట దయ్యాల టూరు నడుపుతాడు. ఇవాళ్టికి రెండు సీట్లు ఊరికే ఇప్పిస్తాను. మిగతావాళ్ళు చూపించేవి ఉత్త గోడలు. మావాడు దయ్యాన్నే చూపిస్తాడు!"

"నిజంగానా?" అంది మావిస్.

"నా మీద ఒట్టు. టాబర్ వీధిలో పదిహేడో నంబరు ఇల్లు. కిందనించి అందరూ టార్చిలైట్లు వేసి, 'రా, రా' అని గట్టిగా పిలవాలి. కాసేపటికి మేడమీద కిటికీలోకి వస్తుంది. తెల్ల గౌను, విరబోసుకున్న జుట్టు. రెండు చేతులూ ఇలా ఇలా ఆడిస్తూ ఏదో అరుస్తుంది. అద్దం వెనక కదా, మాట వినబడదు. యుద్ధానికెళ్ళిన మొగుణ్ణి పిలుస్తుందని మావాడు చెప్తాడు."

"రోజూ వస్తుందా?"

"రాత్రికి మూడు ట్రిప్పులు. ఒక్కటీ తప్పలేదు. జులై నించీ జనం విరగబడుతున్నారు."

"చూడ్డానికి ఎలా ఉంటుంది?"

"నేనూ చూశానండీ, భయంకరంగా ఉంటుంది!"

మావిస్ జుట్టు సవరించుకుంది. హోలిస్ గోడ మీది మ్యాపు వైపు తిరిగి, మహా శ్రద్ధగా చూడసాగాడు.

ఓడెట్ రిజిస్టరు ముందుకు జరిపింది. మావిస్ కళ్ళజోడు పెట్టుకుని పేర్లు రాసింది, బండి నంబరు రాసింది.

"ఇవాళ్టి నించి ఆవిడ కనబడదని మీ తమ్ముడికి చెప్పమ్మా," అంటూ ఇంటి చిరునామా గడిలో గుండ్రటి అక్షరాలతో పూర్తి చేసింది: పదిహేడు, టాబర్ వీధి, సవానా.