సోడియం, పొటాషియం, మధ్యలో కిరోసిన్

"మంచం మీద ఈ తడి తువ్వాలు ఎవరు పడేశారమ్మా?" అంది అత్త.

"మీరే పడేసి నన్నడుగుతారేంటి?" కోడలు భగ్గుమంది.

కిటికీ దగ్గరున్న మామగారు తల తిప్పారు. కెమిస్ట్రీ మాస్టారుగా రిటైరైనప్పటి నుంచి ఆయన ఉలుకూ పలుకూ లేకుండా ఆ కుర్చీకే అతుక్కుపోయారు.

"మీ అత్త సోడియమమ్మా. నీళ్ళు తగిలితే బుస్సుమంటూ అటూ ఇటూ పరుగులు పెడుతుంది. నువ్వు పొటాషియం. తగిలీ తగలగానే ఊదారంగు మంట!"

"అవే నీళ్ళకి అత్తయ్యది బుసా, నాది మంటా? ఎందుకట మామయ్యా?"

"ఇద్దరికీ చివరి కక్ష్యలో ఉన్నది ఒక్క ఎలక్ట్రానే. నీది ఇంకాస్త దూరంగా ఉంటుంది కనక పట్టు తక్కువ. ఇట్టే జారిపోతుంది."

"మరి తమరో?" అత్త దీర్ఘం తీసింది.

"కిరోసిన్‌ని. మిమ్మల్ని నాలో ముంచి ఉంచకపోతే కొంప అంటుకుంటుంది." ఆయన లేచి నిలబడ్డారు. గొంతులోకి క్లాసురూము వచ్చేసింది. "అసలు వింత వినండి. రెండూ ఘనపదార్థాలే. సరైన పాళ్ళలో కలిపితే మామూలు గదిలోనే ద్రవమైపోతాయి. ఆ ముచ్చట ఈ ఇంట్లో ఎప్పుడు చూస్తానో!"

నవ్వుకుంటూ చెప్పులేసుకుని షికారుకు బయల్దేరారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత తువ్వాలు చెరో కొసా పట్టుకుని పిండారు.

"ఇంతగా తడిపావేంటమ్మా?" అంది అత్త.

"మీరు చెప్పినట్టే, బాగా తడిపాను. రేపు దేనిమీద పోట్లాడదాం అత్తయ్యా?"

అత్త కళ్ళు తుడుచుకుంది.

"నిమ్మకాయల మీద పెట్టుకుందాం. ఆమ్లాల పాఠమంటే ఆయనకి ప్రాణం."