ఇల్లు తెలిసిన గుర్రం

విశ్రాంత ఇంజనీరుగారు సరదా స్వారీకి వెళ్లి, అడవిబాటలో దారి తప్పేసరికి చీకటి పడింది. అలాంటప్పుడు పగ్గాలు వదిలేస్తే గుర్రమే ఇంటికి చేరుస్తుందని స్వారీ నేర్పిన మాస్టారు చెప్పిన మాట గుర్తొచ్చి, పగ్గాలు వదులు చేశారు. ఆడగుర్రం చెవులు నిక్కించి, ఎడమ బాట పట్టి, తడబాటన్నది లేకుండా నడిచింది.

ఫోను మోగింది. ఆయన భార్య.

"ఎక్కడున్నారండీ? ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి."

"వచ్చేస్తున్నానే. దారి గుర్రానికి తెలుసు."

"బాగుంది సంబడం! కొని నాలుగు రోజులు కాలేదు. దానికి మన ఇల్లేం తెలుసండీ?"

నవ్వబోయిన ఆయన ఆగిపోయారు. ఫోనులో మాట తెగిపోయింది. గుర్రం పెరిగిన చోటెక్కడని అమ్మినవాడిని అడగాలన్న ఆలోచనే తనకు రాలేదు. పగ్గాలు బిగించి లాగినా గుర్రం లెక్కచేయలేదు, నడక పరుగైంది. డెక్కల కింద మెత్తని మట్టి పోయి రాతిపలకలు మోగసాగాయి.

చెట్ల నడుమ దీపం లేని ఇల్లొకటి కనిపించింది. దాని తలుపు ముందు గుర్రం తనంతట తానే ఆగి, సన్నగా సకిలించింది. ఆయన దిగబోతూ రికాబులోంచి కాలు తీసేలోగా లోపల గడియ తీసిన చప్పుడైంది.

"వచ్చావా తల్లీ?" అంది ఒక ముసలి గొంతు ముద్దుగా. "ఈసారి ఎవరిని తెచ్చావు?"