వయొలిన్ మొదలైన చోట

తన సినిమాకి ముగింపు లేదని ఎవెలియోకి తెలుసు. చివర ఉన్నది ముగింపు కాదు, సినిమా అయిపోయిందని చెప్పడానికి అతికించిన ముక్క. అది ఇంకాసేపట్లో తెర మీదికి రాబోతోంది.

ఆదివారం మధ్యాహ్నం. సముద్రం ఒడ్డునున్న మతాన్సాస్ ఊళ్ళో ఒక పేట ఫిల్మ్ క్లబ్బు. కిటికీలకి నల్ల తెరలు. పాత ఫ్యాన్ల గాలి చాలక జనం విసనకర్రలు ఊపుకుంటున్నారు. సినిమా అయ్యాక దర్శకుడితో మాటామంతీ ఉంటుంది. ఈ ఊళ్ళో చాలామంది దానికోసమే వస్తారు.

ఎవెలియో భయం వాళ్ళ గురించి కాదు. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్న మిగ్దాలియా గురించి. అతని సినిమాలన్నీ ఎడిట్ చేసింది ఆమే. కొన్నేళ్ళు భార్య కూడా. విడాకుల తర్వాత ఇద్దరికీ మాటలు లేవు. ఈ ఒక్క సినిమా అతనే కోసుకున్నాడు, అతనే అతికించుకున్నాడు. ప్రతి అతుకు దగ్గరా ఆమె లేకపోవడమే కనిపించింది. చివరికి సిగ్గు విడిచి వెళ్ళి అడిగాడు, మళ్ళీ ఎడిటింగ్ బల్ల దగ్గరికి రమ్మని.

"చూశాక చెబుతా," అంది. హాల్లోకి వస్తూనే ఆ కుర్చీ ఎంచుకుంది. "నచ్చకపోతే లేచి వెళ్ళిపోవడానికి దగ్గర."

కథ చిన్నది. భార్యాభర్తలు విడిపోతారు. ఇంకో ఇల్లు దొరకదు. ఉన్న ఒక్క గదినీ మధ్యలో బీరువా నిలబెట్టి పంచుకుంటారు. ఇటు ఆమె, అటు అతను. హాల్లో సగం మంది అలా బతికినవాళ్ళే. తలలూపుతూ చూస్తున్నారు.

తెర మీద భర్త బీరువా మీద చెయ్యి వేశాడు. వయొలిన్ మొదలైంది.

ఎవెలియో కళ్ళు మూసుకున్నాడు. ఏమీ తోచనప్పుడు వయొలిన్ పెట్టడం అతని జబ్బు. పాత సినిమాల్లో దాన్ని వెతికి వెతికి కోసి పారేసింది మిగ్దాలియానే. వెనకాల కుర్చీ కిర్రుమంది. వెళ్ళిపోతోంది, అనుకున్నాడు.

టప్‌మని తెర ఆరిపోయింది. ఫ్యాన్లు ఆగాయి.

"పోయింది!" అంది హాలంతా ఒకే గొంతుతో. కోపంగా కాదు, రోజూ వచ్చే చుట్టాన్ని పలకరించినట్టు.

"వీళ్ళ కరెంటు తగలెయ్య! సరిగ్గా ఇప్పుడే పోవాలా?" అందరికంటే గట్టిగా అరిచింది మిగ్దాలియా.

ఆమె ఇంకా ఇక్కడే ఉంది! ఎవెలియోకి ఊపిరి వచ్చింది.

ప్రొజెక్టర్ నడిపే ముసలి ఫెర్మీన్ తడుముకుంటూ ప్లగ్గు పీకేశాడు. కరెంటు విసురుగా తిరిగొస్తే మిషను కాలిపోతుంది మరి. "సాయంత్రం దాకా రాదు," అన్నాడు, నాడి చూసిన డాక్టరులా.

ఎదురింట్లోంచి రేడియో పాట వినిపించింది.

"అదృష్టవంతులు, రేడియోకి బ్యాటరీలు దొరికాయి," అన్నాడు ఫెర్మీన్.

"తెరలు తీయనా?" అన్నారెవరో.

"తియ్యకు, ఎండ కొడుతుంది. చీకట్లో మాట్లాడలేమా ఏం?" అంది ముందు వరసలోని కచీత. ఏ సినిమా అయినా ఆవిడ ప్రశ్నతోనే మాటలు మొదలవుతాయి. "ఏవయ్యా, చివరికి ఏమవుతుందో నువ్వే చెప్పు."

"అది ప్రేక్షకులు ఊహించుకోవాలండీ."

"మేమే ఊహించుకునేదానికి ఇంత దూరం రావడమెందుకు నాయనా? ఇంట్లో పడుకుని ఊహించుకునేవాళ్ళం."

నవ్వులు.

"బీరువాని సముద్రంలోకి తోసేస్తాడేమో అడగండి," అంది వెనకనుంచి మిగ్దాలియా.

ఎవెలియో వెనక్కి తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"వయొలిన్ వినపడిందిగా."

"సముద్రంలోకా! అంత మంచి బీరువానా?" కచీత గుండె బాదుకుంది. "మతి ఉండే తీశావా?"

"అది ప్రతీక అండీ..."

"ప్రతీకలో బట్టలు పెట్టుకుంటారా?" అన్నాడు ఫెర్మీన్.

"బట్టలంటే గుర్తొచ్చింది," అంది మిగ్దాలియా. "బీరువా తలుపులు ఆమె వైపున్నాయి. మరి ఆయన బట్టలెక్కడ పెట్టుకుంటాడు?"

సినిమా అంతా ఎవెలియో ఆ బీరువా తలుపులే చూపించాడు. దాని వీపు ఎలా ఉంటుందో చూపించలేదు. అతనికి తెలియక కాదు. ఇంకో గది దొరికేదాకా తనూ అలాంటి వీపుకేసి చూస్తూ పడుకున్నవాడే. చీకట్లో ముఖాలు లేవు. అబద్ధం చెబుదామంటే ఎవరి ముఖం చూసి చెప్పాలో తెలియలేదు.

"కుర్చీ మీద," అన్నాడు నెమ్మదిగా. "చాలాకాలం కుర్చీ మీదే పడేసుకున్నాడు. తర్వాత ఒకరోజు, ఆమె ఇంట్లో లేనప్పుడు, బీరువా వెనక చెక్క మేకులు ఒక్కొక్కటే పీకాడు. ఆమె వచ్చి తలుపు తెరిచింది. తన గౌన్ల మధ్య ఒక చొక్కా వేలాడుతోంది. గుండీ ఊడిన చొక్కా."

విసనకర్రలు ఆగిపోయాయి.

"ఆమె ఏం చేసింది?" కచీత గొంతు తగ్గింది.

"తలుపు మూసి వెళ్ళింది. సూదీ దారం కోసం వెళ్ళిందో, సుత్తీ మేకుల కోసం వెళ్ళిందో మనకి తెలీదు."

"సూది కోసమే!" అంది కచీత.

"సుత్తి! ఆ రకం మనిషితో కాపురం చేశాన్నేను!" అన్నాడు ఫెర్మీన్.

హాలు రెండుగా చీలింది. సూది వాళ్ళు ఒకవైపు, సుత్తి వాళ్ళు ఒకవైపు. కొట్టుకోవడమే తరువాయి. ఎన్నాళ్ళకో ఎవెలియోకి తన సినిమా వినిపిస్తోంది.

"ఇంతకీ ఇది తీశావా?" అంది కచీత.

"లేదండీ. తీస్తాను."

కరెంటు రాలేదు. కచీత కాఫీ పెట్టుకోవాలని లేచింది. ఆవిడ వెనకే అందరూ కరెంటువాళ్ళని తిట్టుకుంటూ కదిలారు. ఎవెలియో మిగ్దాలియా కుర్చీ దగ్గర ఆగాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

"రేపు వస్తా," అంది ఆమే. "బల్ల తుడిచిపెట్టు."

"కరెంటు పోబట్టి బతికాను మిగ్దా. దేవుడే తీసేశాడు."

"నీ సినిమాలు చూసే ఓపిక దేవుడికెక్కడిది? నడు, నువ్వు ముందు నడు."

చివరి మనిషి కూడా వీధిలోకి దిగాక, తలుపు వెనక గోడ మీద తను దించేసిన మెయిన్ స్విచ్‌ని మిగ్దాలియా మళ్ళీ పైకి నెట్టింది.