రేకు చుట్టిన బీకరు

రంగునీళ్లలో మేం తయారుచేసిన తెల్లటి నానో పొడి కలిపి లైటు కింద పెడితే, గంటలో నీళ్లు తేటపడ్డాయి. చూడ్డానికొచ్చిన అద్దకం ఫ్యాక్టరీవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ పొడి వెలుతురు తగిలితేనే పనిచేయాలి. అందుకే పోల్చి చూడ్డానికి అవే నీళ్లు, అదే పొడి ఇంకో బీకరులో పోసి, వెలుతురు సోకకుండా అల్యూమినియం రేకు చుట్టి బీరువాలో పెడతాం. రెండేళ్లుగా పొడి తూచి వేసేదీ, చివర్లో ఆ రేకు విప్పేదీ మా గైడు సారే. "రంగు అలాగే ఉందమ్మా, రాసుకో" అనేవారు. రాసుకునేదాన్ని.

ఇవాళ ఆయన అతిథులను సాగనంపుతుంటే నేనే విప్పాను.

ఆ నీళ్లూ తేటగానే ఉన్నాయి. బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది.

సార్ లోపలికొచ్చి, నా చేతిలో బీకరు చూసి, నెమ్మదిగా తలుపు వేశారు.

"ఇందులో ఏం కలిపారు సార్?"

"నన్నడుగుతావేంటమ్మా? అచ్చయిన రీసెర్చ్ పేపర్లో పేరు నీదొక్కటేగా."

నిజమే. "కష్టమంతా నీది, మధ్యలో నా పేరెందుకు" అని తన పేరు ఆయనే కొట్టేశారు. ఇంత మంచాయన ఎవరికి దొరుకుతాడని ఆరోజు అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది నేనే.