మూడో పళ్లెం

గురువారం రెండో పళ్లెం తిరిగొచ్చింది.

నాలుగు అంజీర కస్టర్డ్ టార్టులు. మూడింటిని ముట్టుకోనేలేదు. నాలుగోదాని అంచు మాత్రం ఎలుక కొరికినట్టు కాస్త కొరికి ఉంది.

“మళ్లీ నాలుగో టేబులేనమ్మా. అంజీర పీచుపీచుగా ఉందట,” అన్నాడు ముసలి సర్వర్, పళ్లెం ఆమె ముందు పెడుతూ.

వంటగదిలో అందరూ పనులాపి ఇటు తిరిగారు. ఆ హోటల్లో ఒక నిబంధన ఉంది. తిరిగొచ్చినదాన్ని చేసినవాళ్లే తినాలి. అంట్ల తొట్టి పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా, ముక్క మిగలకుండా తినాలి. ఇది పెట్టినవాడు చెఫ్. గొంతును బట్టి వెనకాల అందరూ ఆయన్ని సైరన్ అంటారు. ఎదురుగా అనే మొనగాడు ఇంకా పుట్టలేదు.

“తినమ్మా, మొహమాటపడకు. నీ ఇల్లే అనుకో,” అన్నాడు సైరన్.

అందరూ నవ్వారు. ఆమె తింది. ఆఖరిది గొంతుకు అడ్డం పడితే మంచినీళ్లు అడిగింది.

“నీళ్లు కస్టమర్లకి,” అన్నాడు సైరన్.

ఆమె కొత్త. వారం రోజుల పరీక్ష మీద చేరింది. ఈ వారంలో మూడు పళ్లేలు తిరిగొస్తే ఇంటికి పోవాలి. రాకపోతే ఉద్యోగం ఖాయం. పదకొండేళ్లు సొంత పొయ్యి దగ్గరే గడిచిపోయాయి. గడప దాటతానని ఇంట్లో ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇది పోతే మళ్లీ ఆ మాటెత్తే ధైర్యం ఆమెకు లేదు. మూడు పళ్లేల సంగతి చేరిన రోజే ఇంట్లో చెప్పింది, అదేదో తమాషా అన్నట్టు.

విడ్డూరం ఏమిటంటే, మిగతా టేబుళ్ల నుంచి పళ్లేలు కడిగినంత శుభ్రంగా వస్తున్నాయి. రెండోసారి అడిగినవాళ్లూ ఉన్నారు. ఈ నాలుగో టేబుల్ ఒక్కటే ఆమె పాలిట శనిలా దాపురించింది.

వంటవాళ్లు హాల్లో అడుగుపెట్టకూడదు. అందుకని ఆమె సర్వర్‌ని పట్టుకుంది.

“బాబాయ్, అసలాయన ఎలాంటివాడు?”

“ఎవరో పెద్దమనిషమ్మా. ఒక్కడే వస్తాడు, నింపాదిగా కాఫీ తాగుతాడు. మర్యాదస్తుడు. నన్ను కూడా మీరు అంటాడు.”

“నచ్చనప్పుడు మళ్లీ ఎందుకొస్తున్నాడు?”

“నీకింకో అవకాశం ఇద్దామనేమో. అలాంటివాళ్లూ ఉంటారు లోకంలో.”

ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చాయి. పాపం, ఆయన్ని రెండు రోజులుగా మనసులో ఎన్నెన్ని తిట్టుకుంది! ఈసారి ఆయన నోట మంచి మాట రావాల్సిందే అనుకుంది.

శనివారం ఆఖరి రోజు. అందరికంటే గంట ముందు వచ్చింది. అంజీరల్ని వేడి నారింజ రసంలో నానబెట్టి, తొడిమలు తీసి, పీచు తగలనంత సన్నగా తరిగింది. మెత్తటి చీజ్‌ని గుడ్డలో మూటగట్టి చుక్క నీరు మిగలకుండా ఓడ్చింది. వెన్న కరగకుండా చేతులు చల్లనీళ్లలో ముంచి ముంచి పిండి కలిపింది. కస్టర్డ్ అంచులు గట్టిపడి నడుమ ఇంకా కాస్త వణుకుతున్నప్పుడే ఓవెన్‌లోంచి ట్రే తీసింది. అన్నింటిలోకి ముద్దొచ్చే నాలుగింటిని ఏరి పక్కన పెట్టింది.

పన్నెండున్నరకు ఆర్డర్ వచ్చింది. నాలుగో టేబుల్. కాఫీ, నాలుగు టార్టులు.

సర్వర్ అటు వెళ్లగానే సైరన్ ట్రేలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపి ఓ క్షణం కళ్లు మూసుకున్నాడు.

“బాగుంది,” అన్నాడు.

ఆయన నోట ఆ మాట ఆ వంటగదిలో ఎవరూ విని ఎరగరు. గిన్నెలు తోమే ఆవిడ చేతిలో గరిట జారి కింద పడింది. టార్టులు చేసినామెకైతే కాళ్లు నేల మీద ఆనలేదు.

పది నిమిషాల తర్వాత సర్వర్ నేల చూపులు చూస్తూ లోపలికొచ్చాడు. చేతిలో పళ్లెం. ఈసారి కొరకను కూడా లేదు.

“ఏమన్నాడు బాబాయ్?”

“ఇలాంటివి ఇంట్లో చేసుకుంటేనే బాగుంటాయి అన్నాడు తల్లీ.”

ఆమె సైరన్ వైపు తిరిగింది. “మీరే బాగుందన్నారు కదా సార్!”

“నేనన్నాను. కస్టమర్ అనలేదు. తినేసి ఏప్రన్ అక్కడ తగిలించి వెళ్లు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె తొట్టి పక్కన నిలబడి నాలుగూ తింది. అవి నిజంగానే బాగున్నాయి. అందుకే ఏడుపు ఆగలేదు.

ఎక్కాల్సిన బస్సు వదిలేసి నడిచే వెళ్లింది. ఇంట్లో ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. ఒక్క మాటా కుదరలేదు.

ఆమె తలుపు తట్టేసరికి, అప్పటికే చొక్కా మార్చుకుని కూర్చున్న నాలుగో టేబుల్ ఆయన లేచి తలుపు తీసి, ఆమె ఇంకా నోరు విప్పకముందే, “పోనీలేవే, నీకెందుకా పాట్లు, మొగుణ్ణి నేను లేనూ?” అంటూ తల నిమిరాడు.