సాయంత్రం బ్రిడ్జి కోర్సు

“ఇంకా చెప్పలేదా మాస్టారూ?”

ప్రిన్సిపల్ పల్లంరాజు గారు వరండాలోనే ఆపి అడిగారు. శాంతికుమార్ మాస్టారు చేతిలో ఉన్న సుద్దముక్కల డబ్బాలోకి చూశారు, సమాధానం అందులో దొరుకుతుందేమోనన్నట్టు.

“ఇవాళ చెప్పేస్తానండి.”

“వారం నుంచీ ఇదే మాటండి. మన కాలేజీలో ఫిజిక్స్ గ్రూపు ఎత్తేశారు. ఆన్‌లైన్‌లో మన పేరు కింద అసలా గ్రూపే లేదు. రేపటితో కౌన్సెలింగ్ అయిపోతుంది. ఆ అమ్మాయి వేరే కాలేజీ పెట్టుకోకపోతే ఏడాది పోతుంది. ఆ పాపం మనకెందుకండీ?”

మాస్టారు తలూపి క్లాసురూములోకి నడిచారు.

డిగ్రీ పాఠాలు మొదలయ్యే ముందు, ఇంటర్ బట్టీపట్టి గట్టెక్కిన పిల్లల్ని కాస్త దారిలో పెట్టడానికి నడిపే బ్రిడ్జి కోర్సు అది. మొదట్లో ముందు బెంచీలు నిండేవి. మొదటి విడత సీట్లు వచ్చాక పిల్లలు కాకినాడకీ రాజమండ్రికీ సర్దుకున్నారు. వెళ్తున్నామని ఒక్కరూ చెప్పలేదు. మాస్టారి మొహం మీద ఆ మాట ఎలా అనాలో తెలియక రావడం మానేశారంతే. మిగిలింది వీరదుర్గ ఒక్కతే.

ఆ రోజుల్లోనే వీరదుర్గ క్లాసుని సాయంత్రానికి మార్చమని అడిగింది. “పొద్దున్న పనుంటుందండి” అంది. వాళ్లమ్మ చేపలమ్ముతుంది, సాయం వెళ్తోందేమోలే అనుకున్నారు మాస్టారు. తరచి అడిగితే ఈ పిల్ల కూడా మానేస్తుందేమోనని ఆయన భయం. పైగా సాయంత్రం అంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

భార్య సత్యవాణి పోయాక ఆ ఇంట్లో పగలు ఎలాగో గడుస్తుంది గానీ సాయంత్రం మాత్రం గడవదు. టీవీ పెట్టి వంటింట్లో కూర్చుంటారు. చూడ్డానికి కాదు, ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందని. గ్రూపు ఎత్తేశారన్న కబురు రాగానే ఆ పిల్లకి చెప్పేయాల్సింది. చెబితే మర్నాటి నుంచీ ఈ రూముకి తాళం పడుతుంది. తన ఒంటరితనానికి ఒక పిల్ల చదువుని అడ్డం పెట్టుకుంటున్నానని ఆయనకి తెలుసు. తెలిసీ వారం లాగారు. సిగ్గుపడుతూనే లాగారు.

వీరదుర్గ వగరుస్తూ వచ్చింది. గోదావరి లంకలో ఉంటుంది కాబట్టి ఇదివరకు ఏరు దాటించే పంటు దిగి ఇసుకలో నడిచొచ్చేది. ఈమధ్య చెప్పులకి ఇసుక ఉండట్లేదు. బస్సులో వస్తున్నట్టుంది.

“నిన్న ఎక్కడ ఆపాం?”

“వెక్టర్స్ అండి. పడవ లెక్క చెప్తానన్నారు.”

మాస్టారు బోర్డు మీద ఏరు గీసి, నీటి వేగం వేసి, పడవ వేగం రాశారో లేదో వీరదుర్గ జవాబు చెప్పేసింది.

“నేనింకా చెప్పందే ఎలా వచ్చేసింది?”

ఆ పిల్ల తడబడింది. “ఏమోనండి. మళ్లీ మొదట్నుంచీ చెప్పండి సార్, సరిగ్గా అర్థం కాలేదు.”

“అర్థం కాకుండానే ఆన్సరొచ్చిందా?”

“అప్పుడప్పుడు వస్తుందండి.”

మాస్టారికి నవ్వొచ్చింది. మళ్లీ మొదట్నుంచీ చెప్పారు, ఖాళీ బెంచీలకి కూడా వినపడేంత గట్టిగా. వీరదుర్గ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎన్నడూ విననిదాన్లా విన్నది. ఆ కాసేపూ ఆయనకి ఎంతో హాయిగా ఉంది.

సుద్దముక్క కింద పెట్టారు. “అమ్మా, నీకొక మాట చెప్పాలి.”

“నేనూ మీకొకటి చెప్పాలండి.”

“ముందు నన్ను చెప్పనీ. లేకపోతే ఇవాళ కూడా చెప్పలేను.” బోర్డు వైపు తిరిగి చెప్పారు. “మన గ్రూపు ఎత్తేశారమ్మా. వారమైంది. నీకు చెప్పలేదు.”

చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

“నువ్వొస్తుంటే బాగుండేది. అందుకే చెప్పలేదు. ఇంకే కారణమూ లేదు. తప్పు చేశాను.”

తిరిగి చూస్తే వీరదుర్గ కళ్లనిండా నీళ్లు.

“రేపే ఆఖరమ్మా. రాజమండ్రి కాలేజీ పెట్టుకో. అక్కడ రమేష్ బాబని నా పాత స్టూడెంటు, ఫిజిక్స్ లెక్చరరు. నేను ఫోన్ చేస్తాను.”

“వద్దండీ!” అంది గబుక్కున. “ఫోన్ చెయ్యకండి సార్. నేను చూసుకుంటాను.”

“నువ్వేదో చెప్తానన్నావు?”

“ఏం లేదండి.” బ్యాగులోంచి చిన్న అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ఆత్రేయపురం పూతరేకులు. అన్నీ నలిగి పొడి పొడిగా ఉన్నాయి. “ఎప్పుడో కొన్నానండి. బ్యాగులో ఉండిపోయాయి. ఇవ్వడానికి కుదర్లేదు.”

కాళ్లకి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక మాస్టారు టీవీ పెట్టలేదు. ఫోన్ కూడా వద్దందంటే ఎంత కోపమొచ్చిందో! రావాల్సిందే. కానీ కోపానికి పోయి రేపు వెళ్లకపోతే పిల్ల బతుకు ఏం కాను? ఉండబట్టలేక రమేష్ బాబుకి ఫోన్ చేశారు.

“మాస్టారూ! నమస్కారమండి. ఎన్నాళ్లకెన్నాళ్లకి!”

“రేపు మీ కాలేజీకి ఒకమ్మాయి వస్తుందయ్యా. పేరు వీరదుర్గ. ఆఖరి నిమిషమని తిప్పి పంపకుండా కాస్త చూడు. ఆలస్యం నావల్లే అయింది.”

“లంక నుంచొచ్చే వీరదుర్గేనా అండి? ఆ అమ్మాయి మొదటి విడతలోనే మా దగ్గర చేరిపోయింది కదండీ. రోజూ పొద్దున్నే మా బ్రిడ్జి కోర్సుకి వస్తోంది. ఇవాళే పడవ లెక్క చెప్పాను.”

పూతరేకుల పెట్టె మాస్టారి ఒళ్లోనే ఉంది.

“బంగారం లాంటి పిల్లండి. కాకపోతే మధ్యాహ్నం ల్యాబుకి మాత్రం ఉండదు, బస్సుకని పరిగెడుతుంది. ఎందుకమ్మా అంటే రోజూ ఒకటే మాట.”

“ఏమని?”

“సాయంత్రం మా సార్ ఒక్కరే ఉంటారండీ అని.”